ఈతకీ సైకిలుకీ మధ్య నాన్నగారి ప్రార్థన

వయసులో ఉన్న రోజుల్లో మనిషికి దేవుడి మీద ఎంత విశ్వాసం ఉన్నా, ఆయన చెయ్యాల్సిన పనులు మాత్రం తను పూనుకుంటే గానీ కావనిపిస్తుంది. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని, ఆదివారాలు మా చర్చి సంఘంలో సండేస్కూలు మాస్టారిని. వారంలో ఏ రోజు చూసినా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి బోధిస్తూనే ఉండేవాణ్ణి గనక, నాకు తెలియని సంగతులు లోకంలో పెద్దగా లేవన్న నమ్మకం కూడా ఉండేది. తెలిసిన వ్యాయామం మాత్రం ఒక్కటే, పొద్దున్నే స్కూలు బస్సు వెనకాల పరిగెత్తడం. (అదీ అప్పుడప్పుడే. మిగతా రోజుల్లో బస్సు నన్ను వదిలేసి ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది కాబట్టి పరిగెత్తే అవసరం రాలేదు.) అలాంటివాణ్ణి, కాలువలో ఈది, సైకిలు తొక్కి, అది చాలదన్నట్టు పరుగు కూడా తీయాల్సిన ట్రయాథ్లాన్ అనే పోటీకి పేరిచ్చానంటే దానికి కారణం ఆరోగ్యం మీద శ్రద్ధ కాదు. మా నాన్నగారు.

నాన్నగారు కొబ్బరి దింపు మేస్త్రీ. అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో చెట్టెక్కి కాయలు దింపే మనుషుల్ని కూడగట్టి పని చేయించేవారు, వాళ్ళతోపాటు తనూ ఎక్కేవారు. వానకి తడిసి పాకుడు పట్టిన చెట్టునైనా కాళ్ళకి తాడు బందం వేసుకుని, ఇంటి మెట్లెక్కినంత తాపీగా ఎక్కేవారు. దింపు లేని వేళల్లో ఆయన సంఘ పెద్ద. మా ఊరి కాలువ రేవులో బాప్తిస్మాలు జరిగితే పాస్టరు గారి పక్కన నడుములోతు నీళ్ళల్లో నిలబడి, ముంచినవాళ్ళను పట్టుకుని లేపేది ఆయనే. అయితే చుట్టుపక్కల నాలుగు సంఘాల్లో ఆయనకి పేరు తెచ్చింది చెట్టూ కాదు, కాలువా కాదు, ప్రార్థన. లోకం పుట్టుక దగ్గర మొదలుపెట్టి, దేశాన్ని ఏలేవాళ్ళు, రాష్ట్రాన్ని ఏలేవాళ్ళు, మండలాఫీసు సిబ్బంది మీదుగా కిందికి దిగి, గల్ఫులో ఉన్న మా ఊరివాళ్ళను దేశాలవారీగా తలుచుకుని, మస్కట్, దుబాయ్, ఖతర్ దాటించి చివరికి కువైట్ చేర్చి, అక్కణ్ణుంచి మంచాన పడ్డవాళ్ళకీ విధవరాళ్ళకీ కొబ్బరి ధరకీ వచ్చి, అప్పుడు గానీ అసలు విషయం ఎత్తేవారు కాదు. పెళ్ళిలో ఆయన ప్రార్థనకి లేచారంటే వంటవాళ్ళు పొయ్యిలో మంట తగ్గించేసేవారు. చిన్నప్పుడు నేనూ నా తోటివాళ్ళూ ఆ వరసని ఒంటికి పట్టించుకుని, ఖతర్ దాకా కునుకు తీసి కువైట్ దగ్గర లేచేవాళ్ళం. ప్రార్థన జరుగుతుండగా మధ్యలో కదలడమన్నది మా సంఘంలో లేదు. చంటిపిల్లాడు ఏడిస్తే తల్లి కళ్ళు మూసుకునే జోకొట్టాలి. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ప్రార్థనలో మనిషి దేవుడికి చెప్పుకున్న మాటని, పక్కనున్నవాళ్ళు విన్నా సరే, తర్వాత ఎత్తకూడదు.

ఆ ఏడాది వానలు పట్టిన కొత్తలో, ఒక తెల్లవారుజామున, నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. సంక్రాంతి కాలం వచ్చేలోపు లేపి నిలబెట్టకపోతే ఇక ఆ కాలు అలాగే ఉండిపోతుందని డాక్టరు గారు చెప్పారు. కాలికీ చేతికీ వ్యాయామం చేయించడానికి అమలాపురం నుంచి ఫిజియోథెరపీ ఆవిడ స్కూటీ మీద సాయంత్రాలు వచ్చేది. ఆవిడ రాగానే నాన్నగారు గోడవైపు తిరిగి, "రేపమ్మా" అనేవారు. ఆ రేపు రాలేదు. ఆదివారం ఆయన్ని చక్రాల కుర్చీలో మందిరానికి తీసుకెళ్ళేవాళ్ళం. పాస్టరు గారు ఎంతో ఆశగా, "పెద్దాయన గారూ, ముగింపు ప్రార్థన మీరు చేస్తారాండీ?" అని అడిగితే తల అడ్డంగా ఊపేవారు. అంత ప్రార్థన చేసిన మనిషి ఇంట్లో అన్నం ముందు కూడా పెదవి కదపడం మానేశారు. ఆయనకి బద్ధకమో, దేవుడి మీద కోపమో అయి ఉంటుందని నేను తేల్చేసుకున్నాను. మంచం పక్కన కుర్చీ వేసుకుని విశ్వాసం గురించి ప్రసంగాలు చేసేవాణ్ణి. (మంచాన పడ్డవాళ్ళకి ఉన్న అసలు కష్టం కాలో చెయ్యో కాదు. పరామర్శించేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోలేకపోవడం.)

మా స్కూల్లో వ్యాయామం మాస్టారిని పిల్లలు విజిల్ మాస్టారు అనేవారు. ఆంజనేయస్వామి భక్తుడు, నాకు మంచి స్నేహితుడు. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ ఆయనే ఈ పోటీ కబురు తెచ్చాడు. జిల్లాలోని కొందరు డాక్టర్లూ సైకిళ్ళ సరదా ఉన్నవాళ్ళూ కలిసి పెడుతున్నారట. అదీ మా ఊరి రేవులో, లాకుల దగ్గరే, కాలువ అక్కడ వెడల్పుగా తిన్నగా ఉంటుందని.

"చిన్నదేనండి మాస్టారూ, కొత్తవాళ్ళ కోసం పెట్టేరు. మీరూ ఓ చెయ్యి వెయ్యండి" అన్నాడు.

"నాకు ఈత రాదండి."

"కాలవగట్టు మీద పుట్టి ఈత రాదంటారేంటండీ?"

"సంఘ పెద్ద కొడుకునండి. ఆటకి కాలవలో దిగనిచ్చేవారు కాదు. ఒక్కసారే దిగేను, బాప్తిస్మానికి."

"మునిగేరా?"

"ముంచేరండి."

"మరి తేలేరా?"

"నాన్నగారు లేపేరండి."

"అయితే సగం వచ్చేసినట్టేనండి" అని చారన్నం కలుపుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏదో ఒక కబురు చెప్పాలి గనక ఇది చెప్పాను. నాన్నగారు నన్ను ఎగాదిగా చూశారు. చూపు నా పొట్ట దగ్గర ఆగింది. జబ్బు చేశాక మొదటిసారి, నోటికి ఎడమవైపు నుంచి నవ్వు వచ్చింది. "నువ్వా?" అన్నారు. ఆ నవ్వు చూసి నాకు బుర్రలో ఏదో వెలిగింది. (ఆ వయసులో తరచుగా వెలిగేది.) "నేనేనండి నాన్నగారూ. మూడూ పూర్తిచేస్తే మీరు లేస్తారా? ఆవిడ చెప్పినట్టల్లా చేస్తారా?" అని అడిగాను. ఆయన ఒక్కొక్క మాటే కూడదీసుకుని, "పోటీవాళ్ళు... పూర్తయిందంటే... లేస్తాను" అన్నారు. మా ఇంట్లో ఒట్లు లేవు. లేస్తానంటే లేవడమే. వంటింటి గుమ్మంలో నిలబడి విన్న అమ్మ, "ఒకర్ని లేపడానికి ఇంకొకరు మునగడం దేనికిరా" అంది గానీ, పైట చెంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అలా నాన్నగారి కుడికాలు నా చేతికి, అంటే నా పొట్టకి, వచ్చి చేరింది.

ఈత నేర్చుకోవడం మా సీమలో పిల్లలు నేర్చుకున్నట్టే నేర్చుకున్నాను. డొక్క, అంటే పైపీచు, తియ్యని ఎండు కొబ్బరికాయలు రెండు జతగా కట్టి, ఆ తాడు పొట్ట కిందుగా వేసుకుని నీళ్ళల్లో పడితే కాయలు తేలుస్తాయి. పిల్లల్ని తేలుస్తాయి. నాకు రెండు జతలు కావలసివచ్చింది. నా దగ్గర ఎక్కాలు నేర్చుకునే కుర్రాళ్ళు రేవు మెట్ల మీద వరసగా కూర్చుని, "మాస్టారూ, కాళ్ళు కొట్టండి, కాళ్ళు" అని నాకు చెప్పేవారు. జీవితంలో వాళ్ళకంత ఆనందమైన చదువు ఇంకెవరూ చెప్పి ఉండరు. ఒక్కొక్క జతా విప్పేసుకుంటూ, క్రిస్మస్ నెల వచ్చేసరికి పాత వంతెన దాకా, కుక్క ఈదినట్టు ఈదడం వచ్చింది. సైకిలు నాన్నగారిదే, వెనక ఇనప క్యారియరుతో ఉన్న బరువైనది. పరుగు మాత్రం అమ్మ చూడకూడదని చీకటితోనే లేచి గట్టు మీద చేసేవాణ్ణి. వాతం నూనె వాసనకి అమ్మకి ఎలాగూ తెలిసిపోయేది.

అసలు చిక్కు వేరే వచ్చింది. పోటీ ఆదివారం. ఆదివారం ఆరాధన మానడమంటే మా ఇంట్లో చెట్టెక్కి చెయ్యి వదిలేసినట్టే. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి తలొంచుకుని నిలబడ్డాను. ఆయన ఆలోచించి, "ఆరాధన పది గంటలకి కదా. మీ పందెం తెల్లారే కదా. తొమ్మిదికల్లా అయిపోతుందన్నావు. అయితే సంఘమే రేవుకొస్తే సరిపోతుంది" అన్నారు. ఆ నెలంతా ఆయన పరుగు గురించే ప్రసంగించారు. వాక్యంలో పరుగెత్తినవాళ్ళు అంతమంది ఉన్నారని నాకు అంతవరకూ తెలియదు. ప్రతివారం చివర్లో "మన మాస్టారు" అని నా పొట్టవైపు చెయ్యి చూపించేవారు.

ఆ ఆదివారం మంచు బాగా పట్టింది. లాకుల దగ్గర తాళ్ళు కట్టి, మైకు పెట్టి, స్టాండు మీద ఎర్రంకెల గడియారం నిలబెట్టారు. తొమ్మిది గంటలకి ముగింపు గీత దాటనివాళ్ళు లెక్కలోకి రారని మైకులో చెప్పారు. రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ వచ్చిన డాక్టర్లు ఒంటికి అతుక్కుపోయిన నల్ల బట్టల్లో కొర్రమీనుల్లా నిగనిగలాడుతున్నారు. సంఘంలో అక్కలూ పిన్నిలూ చూస్తుండగా అలాంటివి వేసుకోలేను గనక, నేను మోకాళ్ళు దాటిన నిక్కరూ చేతుల బనీనూ వేసుకున్నాను. గట్టు మీద మా వాళ్ళంతా తెల్లబట్టల్లో, కంజీరాతో సహా నిలబడ్డారు. మధ్యలో చక్రాల కుర్చీలో నాన్నగారు, మెడకి మఫ్లరు చుట్టుకుని. విజిల్ మాస్టారు నా వీపు తట్టి, "భయపడకండి మాస్టారూ, మీ దేవుడికీ మా స్వామికీ ఇద్దరికీ చెప్పి వచ్చేను" అన్నాడు.

నేను నీళ్ళల్లో కాలు పెట్టాను. అంతే, గట్టు మీంచి బాప్తిస్మం పాట మొదలైంది. వాళ్ళను అనుకోవడానికి లేదు. ఆ రేవులో తెల్లారి ఒక మనిషి నీళ్ళల్లోకి దిగుతుంటే మా వాళ్ళకి తెలిసింది అదొక్కటే. నా తప్పు కూడా ఉంది. పాట వినగానే అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని నిలబడిపోయాను. ఈల మోగింది. అందరూ దూకారు. "మాస్టారూ, పోటీ" అని విజిల్ మాస్టారు అరిచాక గానీ నేను కళ్ళు తెరవలేదు. ఆ తర్వాత జరిగినదాన్ని ఈత అనడం కన్నా కాలువతో తగాదా అనడం న్యాయం. ఎవరి మడమో నా ముక్కుకి తగిలింది. గుర్రపుడెక్క మెడకి చుట్టుకుంది. ఒడ్డు మీంచి చూస్తే కోనసీమ కాలువ ఎంత అందంగా ఉంటుందో అంత రుచిగా ఉండదు ఆ నీరు. అయినా నాన్నగారి కాలు, నాన్నగారి కాలు అనుకుంటూ చేతులు వేశాను. వంతెన చుట్టివచ్చి రేవు మెట్లు పట్టుకునేసరికి నా వెనక ఇంకా ముగ్గురు ఉన్నారు. ముగ్గురు. గడియారం చూశాను. ఈ లెక్కన తొమ్మిదికి ముందే హాయిగా చేరతాను. లెక్కల మాస్టారిని, లెక్క తప్పలేదు.

సైకిళ్ళు నిలబెట్టిన చోటికి పరిగెత్తాను. తాడుకి ఇవతల మా సంఘమంతా వచ్చి నిలబడి ఉంది. అమ్మ తువ్వాలు అందించింది. పాస్టరు గారు, "ఒక్క చిన్న మాట ప్రార్థన చేసుకుని పంపిస్తాం" అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన చిన్న మాటంటే చిన్న మాటే గనక నేను తలొంచి, నాన్నగారి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాస్టరు గారు నోరు తెరవబోయారు. అప్పుడు నాన్నగారి ఎడమ చెయ్యి మెల్లగా లేచి, తడి తల మీద, నా తల మీద, వచ్చి ఆగింది. ముద్దమాటతో, అందరికీ వినపడేంత గట్టిగా, "పరలోకమందున్న తండ్రీ" అన్నారు.

వానాకాలం నుంచి ఆ గొంతులో ప్రార్థన ఎవరూ వినలేదు. పాస్టరు గారు నోరు అలాగే మూసేసుకున్నారు. అమ్మ ఎక్కడో వెనక వెక్కింది. దేవా, నీకు స్తోత్రం అనుకున్నాను. ఆ తర్వాత నాన్నగారు లోకం పుట్టుక దగ్గర మొదలుపెట్టారు.

మాట ముద్దగా ఉండటం వల్ల సృష్టిలో వెలుగు కలగడానికే చాలాసేపు పట్టింది. నా వెనకవాళ్ళు ముగ్గురూ వచ్చి, సైకిళ్ళు తీసుకుని, వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. దేశాన్ని ఏలేవాళ్ళ దగ్గర నేను ఒక కన్ను కొంచెం తెరిచాను. ఎర్రంకెలు కదులుతున్నాయి. రాష్ట్రం వచ్చింది. మండలాఫీసు వచ్చింది. బనీను లోంచి నీళ్ళు కారి మోకాళ్ళ కింద మడుగు కట్టింది. తాడుకి అవతల విజిల్ మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసి, ఏమనుకున్నాడో చెప్పులు విడిచి చేతులు జోడించి నిలబడ్డాడు. కాసేపటికి ఉండబట్టలేక, కువైట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన మా సంఘంలోని ఒక మామ్మగారి దగ్గరికి వంగి గుసగుసలాడాడు.

"ఏవండీ, ఇంకా ఎంతసేపండీ?"

"ఇంకా మస్కట్‌లోనే ఉన్నారండి" అంది మామ్మగారు కళ్ళు తెరవకుండానే.

"మస్కట్ అంటే దగ్గరికొచ్చినట్టేనాండీ?"

"ఆయ్. దుబాయ్, ఖతర్, కువైట్. మరి కువైట్‌లో మనవాళ్ళు ఎక్కువ మంది ఉన్నారండి."

నేను లేచి వెళ్ళిపోవచ్చు. ఆ చెయ్యి ఏమంత బరువు కాదు. తల పక్కకి తప్పిస్తే ఆయన ఒడిలోకి జారిపోతుంది. ఆయన కాలు కోసమే కదా ఇదంతా, ఇప్పుడు లేస్తే ఆ కాలు నిలబడుతుంది, కూర్చుంటే పోతుంది. అటు చూస్తే గడియారం, ఇటు చూస్తే తల మీద చెయ్యి. దేవుడు వినే ప్రార్థనలు ఎన్నో చేశాను గానీ, ఇంకొకరి ప్రార్థన త్వరగా ముగించమని చేసిన ప్రార్థన అదొక్కటే. ముగియలేదు. మంచాన పడ్డవాళ్ళు వచ్చారు. విధవరాళ్ళు వచ్చారు. కొబ్బరి ధర రాలేదు. అక్కడ ఆగిపోయారు.

"తండ్రీ" అన్నారు, ఈసారి మెల్లగా. "ఎన్ని చెట్లెక్కేను... ఏనాడూ భయం లేదు. ఇప్పుడు... మంచం దిగాలంటే భయం. పడిపోతానని. నా కొడుకు చూస్తుండగా... పడిపోతానని. ఆ భయం తీసెయ్యి. తియ్యకపోతే... వీడికి మాత్రం చెప్పకు. ఆమెన్."

సంఘమంతా ఆమెన్ అంది. నేను కళ్ళు తెరిచేసరికి నాన్నగారు మామూలుగా కాలువవైపు చూస్తున్నారు. దేవుడికి చెప్పుకున్నది దేవుడి దగ్గరే ఉందన్న ధీమాతో ఉన్నారు. నన్ను చూసి, "వెళ్ళు" అన్నారు.

వెళ్ళాను. అంబాజీపేట రోడ్డు మీద నేను ఒక్కణ్ణే. పోటీకి వచ్చినవాళ్ళంతా ఎప్పుడో తిరిగి వెళ్ళిపోయారు. నా వెనకాల, దారిలో పడిపోయినవాళ్ళను ఎక్కించుకునే ఆటో ఒకటి నెమ్మదిగా వస్తోంది. డ్రైవరు నా పక్కకి తెచ్చి, "ఎక్కేయండి మాస్టారూ, సైకిలు పైన కట్టేద్దాం" అన్నాడు. వద్దన్నాను. మళ్ళీ అడగలేదు గానీ, పాటలు పెట్టుకుని వెనకాలే వచ్చాడు. అంబాజీపేటలో లారీకి కొబ్బరికాయలు ఎత్తుతున్నవాళ్ళలో నాన్నగారి దగ్గర పనిచేసిన మనిషి నన్ను గుర్తుపట్టి, "ఏవండీ, ఆ పందెంవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయేరండి" అన్నాడు. "ఆయ్, తెలుసండి" అన్నాను. "మరెక్కడికండీ?" అని అడిగాడు. తల ఊపి ముందుకి పోయాను. బరువుగా తొక్కుతూ, మంచం దిగడానికి నాన్నగారు పడ్డ భయాన్ని నేను బద్ధకం అనుకుని ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కపెట్టుకున్నాను. కళ్ళు మసకబారి ఒకసారి కాలువలోకి వెళ్ళబోయాను.

గట్టు మీద పరుగులో ఉండగా మా మందిరం గంట మోగింది. మా వాళ్ళంతా ఆరాధనకి వెళ్ళిపోయారన్నమాట. నేను చేరేసరికి గడియారం ఆపేసి ఉంది, షామియానా గుంజలు పీకుతున్నారు, ఇడ్లీల పెద్ద గిన్నెలు బోర్లించి కడుగుతున్నారు. ముగింపు గీత అంటే నేల మీద సున్నం గీతే గనక అది ఇంకా ఉంది. దాని పక్కన విజిల్ మాస్టారు ఒక్కడూ నిలబడి ఉన్నాడు. నేను దాటగానే పెద్దగా ఈల వేశాడు. గుంజలు పీకే మనుషులు ఉలిక్కిపడ్డారు. నిర్వాహకులలో ఒక డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి, పాపం చాలా మర్యాదగా, "బాగా చేసేరండి మాస్టారూ. కానీ లెక్కలోకి తీసుకోలేమండి" అని ఒక అరటిపండు చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం నాన్నగారి మంచం దగ్గర కూర్చున్నాను. అమ్మ అన్నం కలిపి పెడుతోంది.

"దాటేవా?" అన్నారు.

"దాటేనండి. కానీ వేళ దాటిపోయేక దాటేను. లెక్కలోకి రాలేదండి."

నాన్నగారి ముఖంలో ఒక్కసారిగా కండలన్నీ వదులయ్యాయి. పరీక్ష రద్దయిందని విన్న పిల్లాడి ముఖం నేను స్కూల్లో చాలాసార్లు చూశాను. "అయితే... నేను లేవక్కర్లేదు" అన్నారు.

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అది కాదండి, మీ ప్రా..." అనబోయింది. నేను అమ్మవైపు చూశాను. అమ్మ ఆ మాట ముద్దలో కలిపేసింది.

"ఎక్కడ ఆలస్యమైంది?" అని అడిగారు నాన్నగారు.

అబద్ధం చెప్పడం మా ఇంట్లో లేదు. "సైకిళ్ళ దగ్గరండి" అన్నాను.

"పాత సైకిలు కదా" అని నన్ను ఓదార్చారు.

ఆ తర్వాత నేను ఆయన్ని లేవమని ఒక్కసారి కూడా అడగలేదు. భయం సంగతి నాకు తెలుసని చెప్పడానికి లేదు, ఆయన దేవుడికి పెట్టిన కోరిక అది. నా చేతిలో ఉన్నది ఒక్కటే. సాయంత్రం ఫిజియోథెరపీ ఆవిడ వచ్చే వేళకి తలుపులూ కిటికీలూ వేసెయ్యమని అమ్మతో చెప్పి, చూడటానికి వచ్చిన చుట్టుపక్కలవాళ్ళను మాటల్లో పెట్టి వెంటబెట్టుకుని, నేను ఇల్లు విడిచి కాలువగట్టుకి పోయేవాణ్ణి. స్కూటీ తిరిగి వెళ్ళేదాకా అక్కడే కూర్చునేవాణ్ణి. మొదట్లో ఆవిడ ఆగకుండా వెళ్ళిపోయేది. "వాడున్నాడా ఇంట్లో?" అని నాన్నగారు అడుగుతున్నారనీ, లేడంటే గోడవైపు నుంచి ఇటు తిరుగుతున్నారనీ ఒక రోజు అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. కొన్నాళ్ళకి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నారంది. సంక్రాంతి కాలం దాటిపోయాక, ఒక మునిమాపు వేళ, స్కూటీ నా దగ్గర ఆగింది. "మాస్టారూ, ఇవ్వాళ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డేరండి" అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. నాకు లేచి ఇంటికి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తలేదు. చీకటిపడేదాకా అక్కడే ఉండి, కళ్ళు కడుక్కుని వెళ్ళాను. నాన్నగారు ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

"రోజూ ఎక్కడికి... వెళ్తున్నావు?" అన్నారు.

"గట్టు మీదకండి. నడకకండి. ఒళ్ళు తగ్గాలి కదండీ."

ఇటు తిరిగి నా పొట్టని చూశారు. "తగ్గలేదు" అన్నారు.

ఆయన నిలబడింది ఆ ఎండాకాలం దాకానే. వానలు రాకముందే రెండోసారి వచ్చిన పక్షవాతంలో ప్రభువు ఆయన్ని పిలుచుకున్నాడు. కిటికీ దాకా నడిచారని, ఒకసారి గుమ్మం పట్టుకుని బయటికి కూడా చూశారని అమ్మ చెబుతుంది. నేను చూడలేదు. లేచి నిలబడ్డ నాన్నగారిని మా ఊళ్ళో అమ్మా, ఆ ఫిజియోథెరపీ ఆవిడా తప్ప ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఆ వయసు దాటిపోయింది. దేవుడి పనులు దేవుడికి వదిలెయ్యడం కొంచెం కొంచెం వస్తోంది. ఒక్కోసారి ఆదివారం తెల్లవారుజామున రేవు పక్కగా వెళ్తుంటే, ఒక కన్ను తెరిచి ఎర్రంకెలు చూసుకుంటూ తండ్రి చేతికింద మోకాళ్ళ మీద వణుకుతున్న ఆ బొద్దు మాస్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నాన్నగారిని లేపడానికి ఎంత ఈదాడు, ఎంత తొక్కాడు, ఎంత పరిగెత్తాడు. ఇల్లు దాటి గట్టు దాకా వెళ్ళి, కాసేపు ఊరికే కూర్చుంటే సరిపోయేది.